సరళ విశ్వాసమా, సులభ విశ్వాసమా?
ఒంగోలు సామూహిక బాప్తిస్మములపై క్లౌ గ్రంథము: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. సమస్య

విశ్వసిస్తే చాలు, రక్షణ కలుగుతుంది అని మనము ప్రసంగ వేదికల మీద ఎన్నిసార్లు పలికామో లెక్కలేదు. ఆ "చాలు" అనే మాటలో ఏమి ఉన్నదో, ఏమి లేదో ఆలోచించినది మాత్రము తక్కువ. అందువలన మన సంఘములలో రెండు విరుద్ధమైన అలవాట్లు పక్కపక్కనే సాగుతున్నాయి.

మొదటిది సువార్త సభల అలవాటు. మూడు రాత్రుల సభలలో చేయి ఎత్తినవారిని, ప్రసంగీకుని వెంట ఒక ప్రార్థన పలికినవారిని రక్షింపబడినవారి లెక్కలో వ్రాసుకుంటాము. పందిరి విప్పిన తరువాత వారి పేర్లున్న కార్డులు ఎవరి బీరువాలో ఉన్నాయో ఎవరూ అడగరు. రెండవది దానికి విరుగుడుగా స్థిర సంఘములు చేసుకున్న అలవాటు. బాప్తిస్మమునకు ముందు పాఠములను పెంచుకుంటూ పోయి, అవి అప్పజెప్పగలిగినవారినే విశ్వాసులుగా ఎంచుతాము. మొదటిదానిలో విశ్వాసము ఒక నిమిషపు మాట. రెండవదానిలో అది ఒక పరీక్ష.

నేను రెండవ తప్పు చేసినవాడను. సుమారు పదిహేను సంవత్సరముల క్రితము, వడమాలపేట చుట్టుపక్కల నేను సేవ చేస్తున్న పల్లెలలో ఒకదానిలో, డెబ్బై దాటిన ఒక తల్లి బాప్తిస్మము అడిగింది. మామిడి తోటలలో కూలి చేసుకొనే ఆమెకు చదువు రాదు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన కంఠతా రావలెనన్నది నేను పెట్టిన నియమము. మూడు నెలలు చెప్పించినా ప్రభువు ప్రార్థన సగము దాటలేదు. "అయ్యా, నాకు నోరు తిరగదు. ఆయన్ని ఇడిచిపెట్టేది మాత్రం లే" అన్నది. వచ్చే ఈస్టరుకు చూద్దామమ్మా అన్నాను. ఈస్టరు రాకముందే ఆమె చనిపోయింది. ఇంటివారు తమ ఆచారము ప్రకారము ఆమెను సాగనంపారు. నేను దూరముగా నిలబడి చూశాను. ఆమె రక్షణను గూర్చి నాకు భయము లేదు, అది కృపగల దేవుని చేతిలో ఉన్నది. నా భయము నా నియమమును గూర్చి.

ఆ ప్రశ్నతోనే తెలుగు సంఘ చరిత్రలో సరళ విశ్వాసమునకు జరిగిన అతి పెద్ద పరీక్షను, దానిని వివరించిన ఒక గ్రంథమును ఇక్కడ పరిశీలిస్తున్నాను.

2. గ్రంథము, దాని నేపథ్యము

అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ తన జీవితమును, సేవను వివరించిన "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" అనే ఆంగ్ల గ్రంథము 1914లో వెలువడింది. క్లౌ 1910లోనే మరణించాడు. ఆయన చెప్పిన సంగతులను గ్రంథరూపములో పెట్టినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. సామాజిక సువార్తకు ప్రసిద్ధుడైన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె సోదరి. ఈ సంగతి తెలిసి చదివితేనే గ్రంథపు బలము, బలహీనత రెండూ తెలుస్తాయి.

తెలుగు దేశములో బాప్తిస్టు మిషను మొదటి మూడు దశాబ్దములు దాదాపు ఫలము లేనిదే. నెల్లూరులోని ఆ ఒక్క స్టేషనును మూసివేయాలా అన్న చర్చ అమెరికాలో పదే పదే వచ్చింది. 1854 జనవరి 1 ఉదయమున లైమన్ జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండపై చేసిన ప్రార్థన ఆ నిరాశా కాలములోనిదే. 1866లో క్లౌ ఒంగోలులో కాపురము పెట్టాడు. అదే సంవత్సరము యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి బాప్తిస్మము పొందాడు. తోళ్ళ వ్యాపారము మీద ఉత్తర దిక్కుకు వెళ్ళినప్పుడు సువార్త విన్నవాడు ఆయన. అంతకు ముందు రాజయోగ మార్గములో గురువును ఆశ్రయించినవాడు. 1867 జనవరిలో పేరయ్య ప్రాంతమైన తాళ్ళకొండపాడు వద్ద చింతతోపులో కొన్ని దినములు సభలు జరిగాయి. వాటి చివర 28 మంది బాప్తిస్మము పొందారు. ఉద్యమమునకు అది మొదలు.

1876–78 మహా కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. పని చేసేవారి మధ్య బోధకులు మేస్త్రీలుగా ఉండి సువార్త చెప్పారు. కాని ఆ కాలములో, సుమారు 15 నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. తిండి కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తేల్చలేనన్నది ఆయన కారణము. కరువు తగ్గి, సహాయ నిధి ముగిసిన తరువాత కూడ జనము వచ్చి అడిగారు. తాము డబ్బు అడగమని, కూలి చేసుకొని బ్రతుకుతామని, బాప్తిస్మము మాత్రము ఇవ్వమని వారు పట్టుబట్టినట్లు గ్రంథము చెప్తుంది. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందారు. అందులో జూలై 3న ఒక్క దినమే 2,222 మంది. నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చినది క్లౌ కాదు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఆరుగురు తెలుగు బోధకులు. సంవత్సరాంతానికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

3. గ్రంథము సరిగా పట్టుకున్నది

ఈ జనము ఏమి విశ్వసించారు? వారికి చదువు లేదు. లేఖన జ్ఞానము అతి స్వల్పము. క్లౌ వారి ముందుంచిన నియమములు ప్రధానముగా మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజించరాదు. ఇంత తక్కువా అని ఆనాడే కొందరు అడిగారు, నేడు కూడ అడుగుతారు.

అయితే ఈ మూడు నియమములను మాదిగపల్లె నుండి చూడవలెను. చచ్చిన పశువు మీద హక్కు, దానికి బదులు రైతుకు చెప్పులు, తోలు సామాను చేసి ఇచ్చే బాధ్యత, జాతరలో డప్పు కొట్టే విధి, పంట కాలములో కల్లము దగ్గర ఇంత గింజ అనే వాటా, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన ఏర్పాటు. అందులో ఒక ముడి విప్పితే మిగిలినవన్నీ కదులుతాయి. డప్పు కొట్టనన్నవాడు గింజ పోగొట్టుకున్నాడు. ఆదివారము పనికి రానన్నవాడు కరణము, మునసబుల కోపమునకు గురియైనాడు. కనుక మూడు చిన్న నియమములు అనిపించేవి నిజమునకు ఒకే ప్రశ్న: నీ బ్రతుకు ఎవరి మీద ఆధారపడి ఉన్నది? ఆ ప్రశ్నకు వారు నోటితో కాక జీవనోపాధితో జవాబు చెప్పారు.

రెండవ బలము, విశ్వాసమును పరీక్షించిన విధానము. అభ్యర్థిని తెల్ల దొర ఒక్కసారి ప్రశ్నించి తేల్చలేదు. ఆ పల్లెను, ఆ కుటుంబమును ఎరిగిన బోధకుడు, పల్లె పెద్దలు సాక్ష్యము చెప్పవలసి వచ్చింది. విశ్వాసము వ్యక్తిదే. కాని దానిని గుర్తించినది సమాజము. ఒక సాయంకాలపు సభలో చేయి లెక్కించే మన పద్ధతితో దీనిని పోల్చి చూడండి.

మూడవది, బాప్తిస్మమును ఆపిన కారణము. అజ్ఞానులని క్లౌ ఎవరినీ ఆపలేదు. తన చేతిలో కూలి డబ్బు ఉన్నంత కాలము ఆపాడు. అనగా అడ్డంకిని అభ్యర్థి బుద్ధిలో వెదకలేదు, ఇచ్చేవాని చేతిలో వెదికాడు. ఈనాడు బియ్యపు సంచులతో, స్కాలర్‌షిప్పులతో సేవ చేసే మనము ఈ తేడాను తప్పక గమనించవలెను.

4. గ్రంథములోని లోపములు

మొదటిది, ఈ గ్రంథములో బాప్తిస్మము పొందినవారి స్వరము తక్కువ. జనము వచ్చారు, అడిగారు, నిలిచారు అని చదువుతాము గాని వారు క్రీస్తును ఎట్లు అర్థము చేసుకున్నారో వారి మాటలలో చదవము. ఈ లోటును కొంత పూడ్చేది ఎమ్మా 1899లో ప్రచురించిన "వైల్ సూయింగ్ శాండల్స్". అందులో పేరయ్య తరము వారు చెప్పుకున్న కథలు, వారి పూర్వపు గురువులు, దేవతలు కనిపిస్తారు. పేరయ్య ఖాళీ పాత్ర కాదని, ఏళ్ళ తరబడి వెదికినవాడని అక్కడ తెలుస్తుంది. రెండు పుస్తకములను కలిపి చదవకపోతే "అమాయక జనుల అమాయక విశ్వాసము" అనే తప్పు చిత్రము మిగులుతుంది. సరళ విశ్వాసము ఆలోచన లేని విశ్వాసము కాదు.

రెండవది, 1914 నాటి దృష్టితో 1878ని చూడడము. సామాజిక సువార్త ప్రభావము వలన, గ్రంథము సమూహపు లేవడమును చక్కగా వివరించి, పాపక్షమాపణను గూర్చి క్లుప్తముగా మాట్లాడుతుంది. గౌరవము, శుభ్రత, చదువు రక్షణ ఫలములే, సందేహము లేదు. అయితే గుండ్లకమ్మలో దిగినవాడు గౌరవము కొరకు మాత్రమే దిగాడా, తన దోషమును ఒప్పుకొని క్షమించే ప్రభువును పట్టుకొని దిగాడా అనే ప్రశ్నను గ్రంథము పూర్తిగా ఎదుర్కొనదు.

మూడవది, మూడు నియమములు మొదటి తరములో విశ్వాసమునకు రూపమైనవి. కాని విడిచిపెట్టవలసినవాటిని మాత్రమే చెప్పే నియమము కాలక్రమములో గోడగా మారుతుంది. రెండవ, మూడవ తరములలో చచ్చిన పశువు మాంసము తినడము ఎట్లాగూ పోయింది, జాతర డప్పు పోయింది. అప్పుడు విశ్వాసమునకు రూపమేది? బోధకుల కొరతను గ్రంథమే ఒప్పుకుంటుంది. వేలమందిని నీళ్ళలో దింపడము మూడు దినముల పని, వారిని క్రీస్తులో నిలబెట్టడము మూడు తరముల పని. 2,222 అనే సంఖ్యను జూబిలీలలో అలంకారముగా వాడుకునే మనము ఈ భాగమును చదవకుండ దాటవేస్తున్నాము.

5. వేదాంత విచారణ

ఇక్కడ సరళము, సులభము అనే రెండు మాటలను వేరు చేయవలెను. సరళము అనగా వంకర లేనిది. సులభము అనగా తేలికగా దొరికేది. సరళరేఖ తిన్నగా ఉంటుంది, దాని మీద నడవడము తేలిక అని అర్థము కాదు. లేఖనములు బోధించేది సరళ విశ్వాసమును. మనము చాలాసార్లు అందించినది సులభ విశ్వాసమును.

సంస్కరణ కాలపు వేదాంతులు విశ్వాసములో మూడు అంశములను చూశారు. తెలుగులో వాటిని జ్ఞానము, సమ్మతి, ఆశ్రయము అనవచ్చు. మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్తాను. చెయ్యి విరిగినవాడు మా పక్కనున్న పుత్తూరుకు కట్టు కట్టించుకొనడానికి వస్తాడు. పుత్తూరులో కట్టు కడతారని తెలియడము జ్ఞానము. అక్కడ కట్టితే ఎముక అతుకుతుందని ఒప్పుకొనడము సమ్మతి. నొప్పి పెట్టే చెయ్యిని కట్టేవాని చేతికి అప్పగించడము ఆశ్రయము. మొదటి రెండూ ఇంట్లో కూర్చుని కూడ చేయవచ్చు. చెయ్యి అప్పగించినవాడే కట్టు కట్టించుకున్నవాడు. అతనికి ఎముకల శాస్త్రము తెలియదు, తెలియనందున కట్టు పని చేయడము మానదు. అయితే చెప్పిన గడువుకు ముందే కట్టు విప్పుకొని తిరిగేవాడు నిజముగా అప్పగించుకున్నాడా అని అడగవలసి వస్తుంది. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము అడిగేది ఇదే. దయ్యములకు జ్ఞానము, సమ్మతి రెండూ ఉన్నాయని, వణుకు కూడ ఉన్నదని ఆయన చూపిస్తాడు. వాటికి లేనిది ఆశ్రయము.

ఇందువలన రక్షించే విశ్వాసపు బలము దాని పరిమాణములో లేదు, అది పట్టుకున్న వ్యక్తిలో ఉన్నది. ఆవగింజ ఉపమానము, మార్కు 9లో సగము నమ్మకముతో సగము అపనమ్మకముతో మొరపెట్టిన తండ్రి, లూకా 23లో సిలువపై ఒక్క విన్నపము చేసిన నేరస్థుడు, అందరూ చెప్పేది ఇదే. ఎఫెసీ రెండవ అధ్యాయములో కృప, విశ్వాసము, క్రియలు ఒక క్రమములో వస్తాయి. క్రియలు రక్షణకు వెల కాదు, రక్షణ వాటి కొరకే మనలను సృష్టిస్తుంది. జర్మనీలో బాన్‌హోఫర్ 1937లో చౌక కృపను ఖండించినప్పుడు ఆయన కృపకు వెల కట్టలేదు. కృప పొందినవాడు వెంబడించక ఉండలేడన్నాడు.

అయితే జ్ఞానము అక్కరలేదా? మధ్యయుగములలో ఒక బొగ్గులవాని కథ ప్రచారములో ఉండేది. నీవేమి నమ్ముతావంటే, సంఘము నమ్మేదే నమ్ముతానన్నాడట. సంఘమేమి నమ్ముతుందంటే, నేను నమ్మేదే నమ్ముతుందన్నాడట. లూథరు, కాల్విను ఇట్టి విశ్వాసమును ఒప్పుకోలేదు. ఎవరిని నమ్మానో తెలియని నమ్మకము క్రీస్తును పట్టుకోలేదు, సంఘము చాటున దాగుకొంటుంది. కనుకనే విశ్వాసము వలననే నీతి అని బోధించిన లూథరే 1529లో చిన్న ప్రశ్నోత్తరిని వ్రాశాడు. సాక్సనీ పల్లెలలో జనము కనీస సంగతులు కూడ ఎరుగకపోవడము చూసి, ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పడానికి వ్రాశాడు. దాని పీఠికలో ఆయన కఠినముగా మాట్లాడినది నేర్చుకొననని తిరస్కరించేవారిని గూర్చి. నేర్చుకొనలేనివారిని గూర్చి కాదు. తిరస్కరించేవారి కొరకు చెప్పిన మాటను నేను నోరు తిరగని ఒక వృద్ధురాలి మీద పెట్టాను. ఈ వ్యాసమునకు మూలమైన తప్పు ఇదే.

6. ఉద్దేశముల ప్రశ్న

సామూహిక ఉద్యమములపై ఎప్పుడూ వచ్చే ఆక్షేపణ ఉద్దేశములను గూర్చినది. జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన "క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా" ఈ ప్రశ్నను క్షేత్రములో పరిశోధించింది. తెలుగు ప్రాంతములూ అందులో ఉన్నాయి. ఆత్మసంబంధమైన ఉద్దేశముతో వచ్చామన్నవారికీ, లౌకిక, సామాజిక కారణములతో వచ్చామన్నవారికీ తరువాతి క్రైస్తవ జీవితములో తేడా ఉన్నా, అది మనము ఊహించినంత పెద్దది కాదని ఆయన చూపాడు. బాప్తిస్మము తరువాత పొందిన ఆరాధన, బోధ, కాపరి సంరక్షణ ఎక్కువ నిర్ణయాత్మకమైనవి.

ఈ ఫలితమును జాగ్రత్తగా వాడవలెను. ఉద్దేశము ఎట్లున్నా పరవాలేదని ఇది చెప్పదు. మనుష్యుని ఉద్దేశము కలగలుపుగా ఉంటుందని, కృప అక్కడినుండే పని మొదలుపెడుతుందని చెప్తుంది. ప్రభువు వెంట నడిచిన పన్నెండుగురు కూడ కుడి ప్రక్క, ఎడమ ప్రక్క పీఠముల లెక్కలు వేసుకున్నవారే. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య బాప్తిస్మము పొందినవారి చేత, తామిక సువార్త చెప్పవలసినవారమని తల మీద చెయ్యి పెట్టుకొని ఒప్పుకొనజేసేవాడు. చదువురాని పాలేరు కూడ ఆ దినమునుండి సాక్షియే. తక్కువ జ్ఞానముతో చేర్చుకొని ఎక్కువ బాధ్యత అప్పగించడము ఆయన పద్ధతి. మనము దానిని తలక్రిందులు చేశాము.

7. మన సంఘములకు

మా ప్రాంతములో విశ్వాసమునకు నేటికీ వెల ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులమువాడు క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అట్టివారిని బి.సి.–సి జాబితాలో చేర్చారు. అందువలన ఆదివారము గుడిలో ముందు వరుసలో కూర్చొని, బాప్తిస్మము అడగని యువకులు మన అందరి సంఘములలో ఉన్నారు. వారిని పిరికివారని తీర్పు తీర్చడము తేలిక. ఫీజు కట్టవలసిన తండ్రి స్థానములో నిలబడి మాట్లాడడము కష్టము. వారి మధ్య "నమ్మితే చాలు" అని మాత్రమే చెప్పి వెళ్ళిపోయే ప్రసంగము సులభము గాని సరళము కాదు. క్రీస్తును ఆశ్రయించడము ఈ చోట, ఈ బ్రతుకులో ఏమి కోరుతుందో వారితో కూర్చొని తేల్చుకొనడము కాపరి పని.

క్లౌ గ్రంథము నుండి, దాని లోపముల నుండి కూడ, నేను నేర్చుకున్నవి మూడు. ఒకటి, బాప్తిస్మమునకు ముందు కంఠస్థము కాక ఆశ్రయమును వెదకవలెను. ఎవరిని నమ్మావు, ఆయన నీ కొరకు ఏమి చేశాడు, ఆయన కొరకు నీవు దేనిని విడిచావు అనే మూడు ప్రశ్నలకు అభ్యర్థి తన మాటలలో జవాబు చెప్పగలిగితే చాలు. వారి జీవితమును ఎరిగిన విశ్వాసుల సాక్ష్యము దానికి తోడు కావలెను. రెండు, పాఠములను తీసివేయరాదు, బాప్తిస్మము తరువాతకు కూడ సాగించవలెను. మత్తయి చివరి ఆజ్ఞలో బాప్తిస్మమిచ్చుట, బోధించుట రెండూ ఉన్నాయి, బోధ నీళ్ళ దగ్గర ఆగదు. మూడు, మన చేతిలో సహాయము ఉన్నప్పుడు మన చేతిని మనమే అనుమానించవలెను, ఎదుటివాని ఆకలిని కాదు.

పాఠములు తగ్గిస్తే మిశ్రమ విశ్వాసము వస్తుందని సహసేవకులు కొందరు అంటారు. ఆ భయము న్యాయమైనదే. కాని పది ఆజ్ఞలు తప్పు లేకుండ అప్పజెప్పి, ముహూర్తము చూడకుండ పెండ్లి చేయని కుటుంబములను మనమందరము ఎరుగుదుము. కంఠస్థము మిశ్రమమును ఆపలేదు. ఎవరిని ఆశ్రయించావు అనే ప్రశ్నను విడిచిపెట్టకుండ అడిగే కాపరి కొంతవరకు ఆపగలడు.

ఆ తల్లి నాతో అన్న మాటను ఇప్పుడు ఆ మూడు ప్రశ్నల పక్కన పెట్టి చూస్తున్నాను. ఆమె జ్ఞానము కొద్దిది, సమ్మతిని మాటలలో పెట్టలేకపోయింది. ఆశ్రయమును మాత్రము నా కంటె స్పష్టముగా చెప్పింది. గుండ్లకమ్మ ఒడ్డున నిలిచిన ఆరుగురు బోధకులు ఆమెను నీళ్ళలోనికి తీసుకొని ఉండేవారని నా నమ్మకము. బాప్తిస్మము అడిగే తరువాతి వ్యక్తి ముందు కూర్చున్నప్పుడు, నా కొలత క్రీస్తుదా, నాదా అని మొదట నన్ను నేను అడుగుకొనవలెనన్నదే ఈ పరిశీలన నాకు నేర్పిన పాఠము.